మడమ ఫోటో

మొన్నటి ఎండాకాలంలో ఒక శుక్రవారం. మిష్రిఫ్‌లో అరబ్బుల ఇంట్లో పని చేసే ఒకామె బస్సులో నా పక్కన కూర్చుంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, కాసేపటికి చెప్పు విప్పి పాదం చూపించింది. మడమ మీద నల్లటి తైలం పూసిన పుండు.

"నా ఫోన్లో కెమెరా పోయిందక్కా. నీ ఫోన్లో ఒక ఫోటో తీసి నాకు పంపు. డాక్టరు పొద్దున అడిగినాడు."

ఆ డాక్టరును ఆమె ఎన్నడూ చూడలేదు. ఫోన్లో ప్రకటన చూసి, ఊరి నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో తైలం తెప్పించుకుంది. షుగరు కూడా ఉందట. ఆసుపత్రికి పోవచ్చు కదా అన్నాను.

"పోవాలంటే మామాకు చెప్పాల. జబ్బని తెలిస్తే టికెట్ తీసి ఇంటికి పంపిచ్చేస్తాది." మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు.

బస్సు కుదుపులకు ఫోటో సరిగ్గా రాలేదు. రెండోసారి తీస్తుండగా ఆమె ఫోన్ మోగింది. డాక్టరు వాయిస్ మెసేజ్. ఆమె సంబరంగా నొక్కింది.

"ఫోటో చూశానమ్మా. పుండు చక్కగా మానుతోంది. ఇంకో రెండు సీసాలు వాడండి."

ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఆమె మళ్లీ నొక్కి వింది. ఎంత ఆప్యాయమైన గొంతో! నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం చెప్పు తొడుక్కుని, ఫోన్ సంచిలో వేసుకుంది.

అబూ హలీఫా స్టాపు వస్తుండగా నా వైపు తిరిగింది.

"అక్కా, ఒక నంబరు చెప్తా. ఆ ఫోటో దానికి పంపు."

"డాక్టరుకేనా?"

"కాదు. మామాకు."