లెక్కలో తగ్గిన సొట్ట

"నీకు కారుందా?"

ఓడల టెర్మినల్ పక్కనున్న ఆరంతస్తుల పార్కింగ్ బిల్డింగు కాంట్రాక్టరు, ఉద్యోగం అడగడానికొచ్చిన మనిషిని మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది. ఎక్కడ పనిచేశావు, ఎంతవరకు చదివావు, అవేమీ లేవు.

"లేదండీ" అన్నాడతను, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"మంచిది. కారున్నోడికి ఎదుటోడి కారు మీద జాలి పుడుతుంది. జాలి పుడితే గీత కనపడదు. గీత కనపడకపోతే డబ్బు నా జేబులోంచి పోతుంది. రేపట్నించి రా."

అప్పటికి అతనికి యాభై మూడేళ్ళు. ముప్ఫై ఏళ్ళు సొంత షెడ్డులో కార్లకి సొట్టలు తీసి రంగులు వేసినవాడు. జనం సొట్టలు తీయించుకోవడం మానేసి ఏకంగా తలుపులే మార్చుకోవడం మొదలుపెట్టాక షెడ్డు మూతపడింది. చేతిపని పోయింది గానీ కన్ను మిగిలింది. ఆ కన్నుకే కాంట్రాక్టరు జీతమిచ్చాడు. రెండు నెలల జీతం మాత్రం పూచీ కింద ముందే పట్టుకున్నాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఓడ బయల్దేరే రోజు పొద్దున్నించీ కార్లు వరసకడతాయి. ప్రతి కారు చుట్టూ తిరగాలి. చేతిలో ఒక కాగితం, దాని మీద కారు బొమ్మ, నాలుగు పక్కల నుంచీ. సొట్ట కనపడితే సున్నా చుట్టాలి, గీత కనపడితే గీత గీయాలి. యజమాని కారు పైన పెట్టి, తాళం ఆఫీసులో ఇచ్చి, కాగితం మీద సంతకం పెడతాడు. ఒక కాపీ ఆయనకి, ఒకటి ఆఫీసుకి. ఓడ తిరిగొచ్చాక డ్రైవర్లు కారుని కిందికి తెస్తారు, ఆ కాగితంతో సరిచూసుకుంటారు. కాగితంలో లేనిది కారు మీద కనిపిస్తే ఖర్చు అతని జీతంలోంచి పోతుంది.

ఓడ ఎక్కేవాళ్ళు తొందరలో ఉంటారు. కారు ఎలా ఉందో ఎవడికీ పట్టదు. దిగేటప్పటికి సెలవులు అయిపోయి, పర్సు ఖాళీ అయి, ఎవడి మీదన్నా పడి ఏడవాలనిపిస్తుంది. అప్పుడు ప్రతివాడికీ తన కారు షోరూంలోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే గుర్తొస్తుంది. ఆ కాగితమే లేకపోతే కాంట్రాక్టరు ఎప్పుడో దివాలా తీసుండేవాడు. మూడేళ్ళలో అతని కాగితం ఒక్కసారీ తప్పలేదు. గోరంత గీత కూడా వదలడు కాబట్టి డ్రైవర్లు భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుగా అలాగే పిలిచేవాళ్ళు. పలికేవాడు.

అలాంటి భూతద్దం ఒకే ఒక్క గీతని, తన చెల్లెలి కారు మీదిదాన్ని, చూసీ రాయలేదు. రక్తసంబంధం అంటూ దీనికి ఎవరైనా దండ వేసే ముందు, ఆ చెల్లెలూ ఆమె మొగుడూ ఎలాంటి వాళ్ళో కాస్త చెప్పుకోవాలి.

చెల్లెలి మొగుడు ఆడిటరు. ఇంట్లో కూడా ఆడిటరే. కేకలెయ్యడు, చెయ్యెత్తడు. అడుగుతాడు. కూరలో ఉప్పెందుకు తగ్గిందో పొద్దున అడుగుతాడు, మధ్యాహ్నం అడుగుతాడు, జవాబు మారిందేమోనని రాత్రి మళ్ళీ అడుగుతాడు. తొమ్మిదేళ్ళ కింద కారు కొన్న రెండో నెల్లో ఆమె గేటు దగ్గర వెనక్కి తీస్తూ గోడకి తగిలించింది. ఎడమ వెనక తలుపు కింద భాగంలో గుప్పెడంత సొట్ట. అప్పటికి అన్నగారి షెడ్డు నడుస్తోంది. "గంట పని బావగారూ, తీసేస్తాను. డబ్బులేం వద్దు" అన్నాడు.

"వద్దు బావగారూ, ఉండనివ్వండి. గుర్తుంటుంది" అన్నాడు ఆడిటరు.

అలా ఉంచేశాడు. చుట్టాలెవరొచ్చినా వెళ్ళేటప్పుడు కారు దాకా నడిపించుకెళ్ళి తలుపు చూపించేవాడు. "ఇది మా ఆవిడ సంతకం. కారు నేర్పింది ఈ గురువుగారే" అని బావగారి భుజం తట్టేవాడు. చుట్టాలు నవ్వేవాళ్ళు. చెల్లెలూ నవ్వేది. నిజానికి ఆమెకి కారు నేర్పింది అతనే, షెడ్డు ముందు ఖాళీ జాగాలో, రంగు ఆరుతున్న పరాయి కార్ల మీద. అతనూ నవ్వేవాడు.

ఈ మొగుడూ పెళ్ళాలు ఎనిమిది రోజుల ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. మనవాడున్న చోటైతే పార్కింగు ఫీజులో పదో వంతు తగ్గుతుందని ఆడిటరు ముందే కనుక్కున్నాడు. సామాను మోసేవాళ్ళ మీద నమ్మకం లేక పెట్టెలతో సహా టెర్మినల్ గుమ్మం దగ్గరే దిగిపోయి, కారు పైకి తీసుకెళ్ళి పెట్టి రమ్మని పెళ్ళానికి అప్పజెప్పాడు. దిగుతూ ఒక మాట అన్నాడు: "స్తంభాలు కదలవు. నువ్వే చూసుకోవాలి."

మూడో అంతస్తు మలుపులో స్తంభం కదల్లేదు.

చప్పుడు విని అతను కాగితం పట్టుకుని వెళ్ళేసరికి చెల్లెలు స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉంది. ఎడమ వెనక తలుపు మీద మూరెడు పొడుగున లోహం తెల్లగా బయటపడింది. దాని కిందే పాత సొట్ట, తొమ్మిదేళ్ళ నాటిది, చెక్కుచెదరకుండా ఉంది.

"దిగు చిట్టీ. దెబ్బేం తగల్లేదుగా?"

"రాయకన్నయ్యా."

"ఏంటి రాయొద్దు?"

"ఇది. ఆయన కింద కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. కాగితం అక్షరం అక్షరం చదువుతాడని నీకు తెలుసు. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు లేని గీత కాగితంలో ఉంటే ఇంకేం చెప్పాలి? ఎనిమిది రోజులు, అన్నయ్యా. ఇంట్లో అయితే వంటగదిలోకి పోతాను. ఓడలో ఎక్కడికి పోను, నీళ్ళలోకా?"

"రాయకపోతే దిగిన రోజు చూస్తాడుగా."

"ఎనిమిది రోజులుందిగా. నీ చేతిలో పనేగా. రంగు ఖర్చు నేనిస్తాను, వచ్చీ రాగానే ఇస్తాను."

కస్టమరు కారు మీద చెయ్యి వేస్తే అదే రోజు ఉద్యోగం పోతుంది, పూచీ సొమ్ము తిరిగి రాదు. ఈ మాట ఆఫీసు గోడ మీద పెద్దక్షరాల్లో ఉంది. అతని ఇంటద్దె, భార్య మోకాళ్ళ మందులు, అన్నీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి. యాభై ఆరేళ్ళ వాడికి ఇంకో ఉద్యోగం ఎవడూ ఇవ్వడు. ఇదంతా అతనికి ఆ స్తంభం దగ్గర నిలబడినప్పుడే తెలుసు. తెలిసీ బానెట్ మీద రాయి దెబ్బ ఒకటి, కుడి అద్దం మీద గీత ఒకటి, ఎడమ వెనక తలుపు కింద పాత సొట్ట ఒకటి, మొత్తం మూడు రాసి కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ప్రేమతోనే రాశాడనుకోండి. కానీ ముప్ఫై ఏళ్ళ పనితనానికి మూడేళ్ళుగా చేతిలో కలం తప్ప ఏమీ దొరకలేదన్న సంగతి కూడా పక్కన పెట్టుకోండి. ఆ తలుపు చూడగానే అతనికి ముందుగా వచ్చిన ఆలోచన చెల్లెలి గురించి కాదు, ఈ రంగులో వెండి పొడి ఎంత కలపాలన్నదాని గురించి.

కింద ఆడిటరు చదివి, సంతకం పెట్టి, కాపీ మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. ఓడ వెళ్ళిపోయింది.

ఓడ లేని రోజుల్లో ఆ బిల్డింగులో పావురాలు తప్ప ఎవరూ ఉండరు. కాంట్రాక్టరు మధ్యాహ్నం భోజనానికెళ్తే రెండు గంటలు రాడు. అతను కారుని మూడో అంతస్తు చివరి మూలకి, కెమెరా చూడని చోటుకి మార్చాడు. తలుపు లోపలి చీటీ మీద ఉన్న రంగు నంబరు చూపించి షెడ్డు రోజుల్నించీ తెలిసిన రంగుల కొట్లో అరువు పెట్టి డబ్బా కలిపించాడు. టైర్లలో గాలి కొట్టే మిషన్ ఆఫీసుదే ఉంది. ఇంట్లో అటక మీదున్న షెడ్డు నాటి స్ప్రే గన్ దించి కిరసనాయిలుతో కడిగాడు.

మొదటి మధ్యాహ్నం సముద్రపు గాలికి పట్టిన ఉప్పంతా కడిగి, గీత చుట్టూ గరుకు కాగితంతో రుద్దాడు. అక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. గీత ఒక్కటీ పూడ్చి రంగు వేస్తే పనైపోయేది. కానీ రంగు తలుపంతా వెయ్యాలి, లేకపోతే అతుకు తెలుస్తుంది. తలుపంతా వెయ్యాలంటే సొట్ట మీద కూడా వెయ్యాలి. సొట్ట మీద రంగు వెయ్యడమంటే అతని దృష్టిలో చీముకారే పుండు మీద పౌడరు రాయడం. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ ఆ పని చెయ్యలేదు.

కాగితంలో సొట్ట ఉందని అతనికి గుర్తులేక కాదు. తన చేత్తో సున్నా చుట్టిందే. కానీ మూడేళ్ళుగా ఆ కాగితాల మీద జరిగిన గొడవలన్నీ పెరిగిన సొట్టల గురించే. తగ్గిన సొట్ట గురించి ఇంతవరకూ ఒక్క మనిషి నోరెత్తలేదు. ఎవడెత్తుతాడు? పైగా అది మామూలు సొట్ట కాదు, తొమ్మిదేళ్ళు తన భుజం తట్టించిన సొట్ట. తలుపు లోపలి అట్ట ఊడదీసి, లోపల ఇనప దిమ్మ ఆనించి, బయట్నించి చిన్న సుత్తితో మెల్లిగా కొట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. చెప్పింది గంట, అయింది ఇరవై నిమిషాలు.

రెండో రోజు రంగు. మూడో రోజు మెరుపు పూత. నాలుగో రోజు ఆ మెరుపు చూసి భయపడి, సన్నటి కాగితంతో రుద్దీ రుద్దీ దాన్ని తొమ్మిదేళ్ళు ముసలిదాన్ని చేశాడు. పక్క తలుపుకీ దీనికీ తేడా కనిపెట్టాలంటే ఆ ఊరి మొత్తం మీద ఒక్కడికే సాధ్యం, ఆ ఒక్కడూ అతనే. ఆ సాయంత్రం డ్రైవరొకడు "ఏంటి భూతద్దం, లాటరీ తగిలినట్టున్నావు" అన్నాడు. నవ్వి ఊరుకున్నాడు.

తొమ్మిదో రోజు ఓడ వచ్చింది. డ్రైవరు కారు కిందికి తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. చెల్లెలు ఎండకి నల్లబడి, పెద్ద గడ్డి టోపీ పెట్టుకుని ఉంది. కళ్ళతోనే అన్నని అడిగింది. అతను కళ్ళతోనే అయిపోయిందన్నాడు. ఆడిటరు పాస్‌పోర్టులోంచి కాగితం తీశాడు.

"ఒకటి, బానెట్. ఉంది. రెండు, అద్దం. ఉంది." ఎడమ పక్కకి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. అరచేత్తో తలుపు తడిమాడు. కాగితం చూశాడు, తలుపు చూశాడు.

"బావగారూ, ఇక్కడొకటి ఉండాలి."

"ఏంటి బావగారూ?"

"సొట్ట. నా సొట్టేది?"

కాంట్రాక్టరు నవ్వుకుంటూ వచ్చాడు. "ఉన్న సొట్ట పోతే సంతోషమే కదండీ? ఇంకా నయం, మేం బిల్లు వెయ్యలేదు."

"సంతోషమే. ఎవరు తీశారు?" ఆడిటరు మోకాలు దులుపుకుంటూ లేచాడు. గొంతు పెంచలేదు. "ఊరికే ఎవడన్నా పరాయి కారు తలుపు బాగుచేస్తాడా? డబ్బడక్కుండా, చెప్పకుండా? ఒక్కందుకే చేస్తాడు. మీవాళ్ళు తలుపుని గుద్దారు. గుద్ది, తీసి, రంగేసి కప్పెట్టారు. ఆ ఊపులో పాతది కూడా పోయింది. కాదా, గురువుగారూ?"

లెక్క ఎక్కడా తప్పలేదు. గుద్దిన మనిషి ఒక్కటే తారుమారైంది. దాన్ని సరిచెయ్యగలిగిన వాళ్ళు అక్కడ ఇద్దరున్నారు. అతను చెప్పలేదు. చెప్తే ఇప్పటిదాకా చేసిందంతా దండగ. ఆమె వంక మాత్రం చూశాడు. ఒక్క మాట చాలు. ప్రయాణం కూడా అయిపోయింది, ఇంటికెళ్తే వంటగది ఉంది.

చెల్లెలు టోపీ సర్దుకుంది. "నేను ముందే చెప్పాగా మీకు, తెలిసినవాళ్ళ దగ్గర పెట్టొద్దని. అన్నయ్య చేతులు ఊరుకోవు. చిన్నప్పట్నించీ అంతే, ఎవరూ అడక్కుండానే చేసేస్తాడు."

"నువ్వు చెప్పావా?" అని ఆడిటరు కాసేపు ఆలోచించాడు. "చెప్పే ఉంటావులే."

భయపడే అలా అందని సర్దిచెప్పుకోవచ్చు. భయపడిన మనిషి నోరు మూసుకుంటుంది. ఆమె నోరు తెరిచింది.

ఆడిటరు ఎనిమిది రోజుల పార్కింగు ఫీజు వెనక్కి రాయించుకుని, రసీదు తీసుకుని, స్టీరింగు దగ్గర తనే కూర్చున్నాడు. కారు కదిలాక కాంట్రాక్టరు అతన్ని ఆఫీసులోకి పిలిచి గోడ మీది పెద్దక్షరాలు వేలితో చూపించాడు.

"గుద్దింది ఎవరు?"

"నేనే సార్. మలుపులో తగిలింది."

"నువ్వు కస్టమర్ల కార్లు నడపవు. నడిపేది డ్రైవర్లు. ఎవరు గుద్దారు?"

కాంట్రాక్టరు పూచీ పుస్తకంలో అతని పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు.

"కారు లేనోడికి జాలుండదనుకున్నా. తప్పు నాదేలే. పో."

ఆ తర్వాత ఆర్నెల్లకి చెల్లెలు వాళ్ళింట్లో భోజనానికి పిలిస్తే అతను వెళ్ళాడు. పిలిస్తే వెళ్ళకపోవడం అతనికి చేతకాదు. ఇప్పుడొక బట్టల కొట్టు ముందు కార్లకి ఈల ఊదే పని చేస్తున్నాడు, పాత జీతంలో సగానికి. భోజనాలయ్యాక ఆడిటరు అలవాటు ప్రకారం చుట్టాలని కారు దాకా నడిపించాడు. ఎడమ వెనక తలుపు తెరిచి మూసి, నున్నటి రేకు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇక్కడ మా ఆవిడ సంతకం ఉండేది. ఇప్పుడిది మా బావగారి సంతకం. చూడండి, ఏమీ కనపడదు. అందుకే ఉద్యోగం పోయింది."

చుట్టాలు నవ్వారు. చెల్లెలు అందరికంటే ముందు నవ్వింది. అతను వంగి తలుపు చూస్తున్నాడు. ఆర్నెల్లకి రంగు ఎక్కడా తేలలేదు.

రంగు డబ్బాకీ, మెరుపు పూతకీ, కాగితాలకీ కలిపి మూడువేల నాలుగువందలు అయింది. చెల్లెలు ఇస్తానన్నది ఇంకా ఇవ్వలేదు. రంగుల కొట్లో ఆ బాకీ అతని పేరు మీదే ఉంది.