ఎర్ర కారులో వచ్చే నిద్ర

పదవీ విరమణకి ఇంకా రెండు వేసవులు ఉన్నాయనగా నన్ను టెక్కలికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. మూలపేట ఓడరేవు పనులు జోరుగా సాగుతున్న రోజులవి. జనం మమ్మల్ని బ్రేకిన్‌స్పెక్టర్లంటారు. బ్రేకులొక్కటే చూస్తామనుకుంటారో ఏమో! పైన ప్రాంతీయ రవాణా అధికారి, కింద అసిస్టెంటు ఇన్‌స్పెక్టర్లు, మధ్యలో మేము. ఏ బండి రోడ్డెక్కవచ్చో, ఏది ఎక్కకూడదో చూసి చెప్పడం మా పని. రిజిస్ట్రేషన్ నిలిపివేసే ఉత్తర్వు మీద సంతకం పై అధికారిది. అందుకు కారణం రాసి పంపేది మాత్రం మేమే.

నా కాపురం పలాసలో. తెల్లవారకముందే జీడిపిక్కలు కాల్చే వాసన కిటికీలోంచి వచ్చి లేపేది. ఆ వాసనతోనే బయలుదేరి, సంతబొమ్మాళి దాటి, తీరం వైపు వెళ్లే రోడ్డు మీద నిలబడేవాణ్ణి. ఓడరేవుకి రాళ్లు తోలే టిప్పర్లు బరువు మించి పోతున్నాయేమో చూడమని ఉత్తర్వు. చలికాలం. జీడితోటల్లో మంచు నడుం ఎత్తున పరుచుకుని ఉండేది. కొబ్బరి చెట్ల తలలు మాత్రమే పైకి కనిపించేవి. టిప్పరుకీ టిప్పరుకీ మధ్య ఎంత నిశ్శబ్దమంటే ఆకు మీంచి మంచు బొట్టు రాలినా వినిపించేది. నాకు చప్పుడంటే పడదు. ముప్పై ఏళ్లు ఇంజిన్ల పక్కన నిలబడ్డవాడికి ఆ మాత్రం చిరాకు ఉంటుంది. అందుకే ఆ ఉదయాలు నాకు ఇష్టంగా ఉండేవి.

అలాంటి ఒక ఉదయం తోటలోంచి పడవ చప్పుడు వచ్చింది. సముద్రం అక్కడికి ఎంతో దూరం. డుగుడుగుమంటూ, మధ్యలో ఒకసారి దగ్గుతూ, తెప్పలకి వెనక బిగించే డీజిలు ఇంజిను ఎలా మోగుతుందో అచ్చం అలాగే మోగింది. మంచులో పడవ ఎక్కడి నుంచి వస్తుందని చూస్తూ ఉండిపోయాను. ఇంతలో తోట మలుపులోంచి ఎర్ర కారు బయటపడింది. నేలకి బెత్తెడెత్తున, పొడుగాటి ముక్కుతో, రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు. ఈ తీరపు ఉద్దానం ప్రాంతంలో అలాంటి బండి చూడటం నాకు అదే మొదలు. చెయ్యెత్తి ఆపాను.

నడిపేవాడి పేరు దానేసు. మూలపేట పక్కన చేపలుపట్టే పేటలో పడవ ఇంజిన్లు బాగుచేస్తాడు. విశాఖపట్నంలో ఏదో షెడ్డులో మూలపడి ఉన్న కారుని తెచ్చుకుని, ఒక్కొక్క ముక్కా బాగుచేసుకుని నడుపుకుంటున్నాడు. పక్క సీటు పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది. అందులో గళ్ల దుప్పటి కప్పుకుని ఒక ముసలాయన గాఢంగా నిద్రపోతున్నాడు. ఆయన వైపు అద్దం పూర్తిగా ఎత్తి ఉంది. దానేసు వైపు అద్దం దించి ఉంది.

“మా అయ్య, బాబూ. పోలయ్య. టెక్కలి ఆస్పత్రికి డయాలసిస్‌కి తీసుకెల్తన్నాను” అన్నాడు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు కొత్త కాదు, ఇంటింటికీ తెలిసిందే. ఒకప్పుడు పడవ మీద చేపలవేటకి వెళ్లిన పోలయ్య కొన్నాళ్లు ఆటోలో వెళ్లి, ఆ కుదుపులకీ ఆ సూదులకీ విసిగి, ఇంక నేను రానని మంచానికి అతుక్కుపోయాడట. ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పినా వినలేదు. ఈ కారు వచ్చాక ఒకరోజు తనంతట తానే ఎక్కి కూర్చున్నాడు. అప్పటి నుంచి ఒక్క డయాలసిస్ వాయిదా తప్పలేదు.

“ఇందులో ఎక్కితే సాలు, తొంగుండిపోతాడు బాబూ. కలొస్తాదంట. సముద్రం మీదికి ఎల్లిపోయినట్టుంటాదంట. ఆ కల కోసరమే వస్తన్నాడు గానీ, ఆస్పత్రి కోసరం కాదు” అన్నాడు దానేసు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని ముఖం వెలిగిపోయింది.

చప్పుడు సంగతి తేల్చుదామని కారు కిందికి వంగి చూశాను. కంపెనీ బిగించిన పొగగొట్టం ఉప్పుగాలికి తుప్పుపట్టి పోయింది. దాని స్థానంలో పడవల గొట్టం, పడవ సైలెన్సరు డబ్బా అతికించి ఉన్నాయి. ఇంజినుకి దగ్గరగా ఉండే కన్వర్టరు మాత్రం పాతదే. గొట్టం విప్పదీసి, టార్చి వేసి చూస్తే లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల.

కన్వర్టరు గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ డబ్బాలో తేనెపట్టులాంటి పింగాణీ అచ్చు ఉంటుంది. దాని గదుల గోడలకి అరుదైన లోహాల పూత. పెట్రోలు సగం కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆ గదుల గుండా పోతూ మామూలు బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. ఈ కాలపు పెట్రోలు బండి పొగ పరీక్ష నెగ్గేదే దాని పుణ్యాన.

అదేమైందని అడిగాను. పూడిపోయింది కదా బాబూ, ఇనపకడ్డీ పెట్టి పొడిచేశాను అన్నాడు దానేసు, ఎంతో మామూలుగా. అతని వృత్తిలో అది సరైన పనే. పడవ ఇంజిను పొగగొట్టంలో ఉప్పూ తుప్పూ పేరుకుంటాయి. నడిసముద్రంలో గొట్టం పూడితే ఇంజిను ఆగిపోతుంది, ఇంజిను ఆగితే మనుషులు ఉండరు. అందుకని అక్కడి మెకానిక్కులు గొట్టం ఒక కొసన కన్ను పెట్టి చూస్తారు. రెండో కొసన వెలుతురు కనిపిస్తేనే పడవని నీళ్లలోకి తోయనిస్తారు. దానేసు తాత నుంచి వస్తున్న పద్ధతి అది. కారులోనూ అదే చేశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మా జీపులో పొగ పరీక్ష యంత్రం ఉంది. గొట్టం మళ్లీ బిగించి, ఇంజిను నడిపించి, దాని కడ్డీని గొట్టం చివర దూర్చితే పొగలో ఏ వాయువు ఎంత ఉందో తెర మీద అంకె పడుతుంది. అనుకున్నట్టే హద్దు ఎప్పుడో దాటింది. వాహనం తయారై వచ్చినప్పుడు ఎలా ఉందో దానికి భిన్నంగా మార్చకూడదన్నది చట్టం. అరిగిన భాగం మార్చుకోవచ్చు గానీ, ఆ తరహాదే పెట్టాలి. పొగా చప్పుడూ హద్దులో ఉండాలి. రాయవలసింది రాసుకుని, వెళ్లమని చెప్పబోతూ పోలయ్య వంక చూశాను.

ఇంత గొడవ జరుగుతున్నా ఆయన కదలలేదు. పక్కనే టిప్పరు హారను మోగించినా కనురెప్ప అదరలేదు. పెదవుల మీద చిన్న నవ్వు.

అది మామూలు నిద్ర కాదనిపించింది. గొట్టం చివర నుంచి కడ్డీ లాగి, ఇంజిను నడుస్తుండగానే, కారులో పోలయ్య కాళ్ల దగ్గర పెట్టాను. నిబంధనల్లో అలాంటి పరీక్ష లేదు. అక్కడ అంకె కదలకూడదు. కదిలింది. ఇంకా ఇంకా పెరిగింది. రబ్బరు పట్టా ఎత్తి చూస్తే నేల రేకు జల్లెడ అయిపోయి ఉంది. సరిగ్గా దాని కిందే దానేసు అతుకు వేసిన చోటు. అక్కడి నుంచి కారుతున్న పొగ తిన్నగా లోపలికి వస్తోంది.

ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. ముందు తలపోటు, తరవాత మత్తు, ఆ తరవాత ఇంకేమీ ఉండదు. పోలయ్యకి జబ్బు వల్ల అసలే రక్తం తక్కువ. ఇద్దరం కలిసి ఆయన్ని బయటికి మోసుకొచ్చి గాలికి పడుకోబెట్టాం. కాసేపటికి కళ్లు విప్పి, అంత బాగున్న కలలోంచి ఎందుకు లేపారన్నట్టు మమ్మల్ని కోపంగా చూశాడు. సంగతి చెబితే దానేసు ఇసకలో కూలబడిపోయాడు. “నిద్దరనుకున్నాను బాబూ” అన్నాడు.

పోలయ్యని మా జీపులో ఎక్కించి టెక్కలి ఆస్పత్రిలో దింపి, డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ముందు ప్రాణవాయువు పెట్టించి, తరవాతే మిగతా పని మొదలుపెట్టింది. కారుని వాళ్ల పేటకి లాగించి, బాగయ్యేదాకా కదపకూడదని రాసి ఇచ్చాను.

ఆ తరవాతి వాయిదాకి పోలయ్య రాలేదు. ఆటో తెచ్చినా ఎక్కలేదు, నేను జీపు పంపినా ఎక్కలేదు. నిద్ర రాని బండి నాకెందుకన్నాడట. ఇంకో వాయిదా కూడా తప్పితే చెయ్యి దాటిపోతుందని డాక్టరమ్మ కబురుచేసింది. దానేసు మా ఆఫీసుకి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. విశాఖ నుంచి కొత్త కన్వర్టరు తెప్పించాడు, నేలకి కొత్త రేకు వేశాడు, అతుకులన్నీ తీసి ఒకే గొట్టం బిగించాడు. ఒక్కటే అడిగాడు.

“గేసంతా కట్టీసినాను బాబూ. ఆ సప్పుడు ఒక్కటీ ఒగ్గీయండి. అది మా అయ్య పడవ సప్పుడు. ఆ సప్పుడైనా లేకపోతే మా అయ్య ఎక్కడు.”

కుదరదన్నాను. ఆ దారిలో రెండు బడులున్నాయి. చప్పుడు కొలిచే మీటరుకి ఎవరి అయ్యా తెలియదు. పైగా ఒకరికి ఒగ్గేస్తే రేపు పలాస కుర్రాళ్లందరూ గొట్టాలు పట్టుకుని నా గుమ్మంలోనే ఉంటారు. దానేసు వెళ్లి, కంపెనీ తరహా సైలెన్సరు బిగించాడు. నేను పేటకి వెళ్లి కొలిస్తే పొగా చప్పుడూ రెండూ హద్దులోకి వచ్చాయి. గొట్టానికి కన్ను పెట్టి చూసి, “ఎలుతురు కనబడదు బాబూ” అన్నాడు దిగులుగా. కనబడకూడదన్నాను.

ఇంక మిగిలింది రోడ్డు పరీక్ష. బాగుచేసిన బండిని ఇన్‌స్పెక్టరు స్వయంగా నడిపి చూడాలి. ఆ పరీక్ష ఎక్కడ పెట్టుకోవాలన్నది నా ఇష్టం. పోలయ్య వాయిదా రోజు ఉదయాన్నే వాళ్ల పేటకి వెళ్లాను. ఎర్ర తలుపు తీసి ఉండటం చూసి ఆయన కర్ర పట్టుకుని వచ్చి, ఎవరినీ పలకరించకుండా సీట్లో వాలిపోయి కళ్లు మూసుకున్నాడు. రెండే సీట్లు కనక దానేసు మోటారు సైకిలు మీద వెనక వచ్చాడు.

మంచు ఇంకా విడలేదు. అద్దాలు రెండూ కొంచెం దించాను. ఎక్కువ వేగం పోలేదు. జీడితోటలు ఇటూ అటూ మెల్లగా వెనక్కి జరిగిపోతున్నాయి. ఇంజిను ఉందా లేదా అన్నట్టుంది. రోడ్డు మీద పడ్డ ఇసక టైర్ల కింద సుయ్యిమనడం, కొబ్బరాకుల గలగల, అంతే. పోలయ్య ఎంతసేపు కళ్లు మూసుకున్నా నిద్ర రాలేదు. కాసేపటికి కళ్లు తెరిచాడు. ఆపు, దిగిపోతానంటాడనుకున్నాను.

“ఇంజినాపీసినావేటి బాబూ?” అన్నాడు.

లేదు, నడుస్తూనే ఉందన్నాను. ఆయన నమ్మలేదు. చెవి పెట్టి విన్నాడు. చెయ్యి కిటికీలోంచి బయటికి చాచి గాలిని పట్టుకున్నాడు. ఒడ్డు దగ్గరపడితే తెప్ప మీద ఇంజిను ఆపి, వెనక నీళ్లలో తిరిగే పంకాని పైకెత్తేస్తారు. లేకపోతే అది ఇసకలో తగిలి విరిగిపోతుంది. అక్కడి నుంచి చప్పుడుండదు. ఆఖరి అల ఒక్కటే పడవని ఎత్తుకుని ఇంటికి తోస్తుంది.

“ఆపీసినావులే” అన్నాడు పోలయ్య. “ఇంక అలే తోస్తాది.”

టెక్కలి దాకా ఆయన కళ్లు మూయలేదు. తోటలనీ, ఎదురొచ్చే సైకిళ్లనీ, మంచులోంచి పైకి వచ్చిన ఎండనీ చూస్తూనే ఉన్నాడు. ఆస్పత్రి మెట్ల దగ్గర దానేసు భుజం పట్టుకుని దిగి, “మళ్లీ ఎప్పుడు రావాల్రా?” అని అడిగాడు. ఆ మాట ఆయన నోట అంతవరకూ వినలేదని దానేసు తరవాత నాతో చెప్పాడు.

బండి రోడ్డెక్కవచ్చని ఆ రోజే రాసి పంపాను. ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నంతకాలమూ, గొట్టం చివర పొగ పరీక్ష అయ్యాక కడ్డీ తీసి సీటు కింద కూడా ఒకసారి పెట్టి చూసేవాణ్ణి. బండి బయటికి వదిలేది ఊరు పీలుస్తుంది, లోపల వదిలేది అందులో కూర్చున్నవాడు పీలుస్తాడు. రెండూ చూడాలి.