ఎడమచేతి ముడి

గుడారాల కార్ఖానాలో ఆమెను అందరూ ఎడంచేతక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా తెల్ల టార్పాలిన్ల మూలలకు తాళ్లు ముడివేసి కుట్టడమే ఆమె పని. అందరి ముడీ కుడివైపు తిరిగితే ఆమెది ఎడమవైపు తిరుగుతుంది. మొదట్లో సూపర్‌వైజర్ విప్పించేవాడు. గాలివానకు ఊడనిది అదొక్కటేనని తేలాక నోరు మూసుకున్నాడు.

ఎక్కడో సముద్రాల అవతల రెండు చిన్న దేశాలు కొట్టుకుంటున్నాయి. మన దేశం ఇప్పుడు పెద్దమనిషి అయింది కదా, మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఇల్లు పోయినవాళ్లకు గుడారాలంటూ ఈ కార్ఖానా సరుకు ఓడలెక్కింది. శిబిరాలకు పిండి బస్తాల లారీ తోలడానికి ఆమె తమ్ముడూ వెళ్లాడు. వాడి లారీ మీద కప్పిన గుడ్డకూ అక్క ముడే.

మధ్యాహ్నం భోజనాల గదిలో టీవీ. సరిహద్దు దగ్గర మన రాయబారి ఇద్దరు సేనాధిపతుల చేతులు కలుపుతున్నాడు.

"చూశావా అక్కా? పాము చావదు, కర్ర విరగదు. అదీ మన తెలివి!" అన్నాడు సూపర్‌వైజర్.

"పాముల సంగతి తర్వాత. ముందు మా ఫ్యాను బాగుచేయించు."

అందరూ ఘొల్లున నవ్వారు. అంతలో గాలి వీచింది. సేనాధిపతుల వెనక, అటూ ఇటూ, తెల్లగుడ్డలు లేచాయి. కింద ఫిరంగులు. దగ్గరగా చూపిన మూలలో ముడి ఎడమవైపు తిరిగి ఉంది.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అది నాది. ఫిరంగి మీదికెలా వెళ్లింది?"

సూపర్‌వైజర్ తల దించుకున్నాడు. "సగం శిబిరాలకక్కా. సగం... ఇద్దరికీ స్నేహకానుక. పైవాళ్ల ఆర్డరు."

"నీకు తెలుసా!"

పైనుంచి బాంబు వేసేవాడికి గుడ్డ కింద పిండి ఉందో ఫిరంగి ఉందో ఏం తెలుస్తుంది? తమ్ముడికి ఫోన్ కలిపింది. మూడోసారికి ఎత్తాడు.

"ఒరేయ్, లారీ మీది గుడ్డ పీకెయ్!"

"పిచ్చెక్కిందా అక్కా? మబ్బు పట్టింది. పిండి తడిస్తే ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే నేను పెడతా తిండి. ఫిరంగులకూ అదే గుడ్డ కప్పార్రా. పీకెయ్!"



"నీ ముడి ఒక పట్టాన ఊడి చస్తుందా?"

"కోసెయ్!"

లారీ ఆగిన చప్పుడు. కత్తి తాడు మీద గీరుకుంటోంది. ఒక మూల. రెండు. మూడు. నాలుగోది తెగేసరికి వాన మొదలైంది.

"తడుస్తోందక్కా."

"తడవనీరా. నువ్వు దూరంగా నిలబడు."

పనిలోకి గంట కొట్టారు. ఆమె సూదిని సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది.

"ఏ గుడ్డ ఎవరికో రాసివ్వు. అప్పుడు కుడతా."