మల్లెపూల సాయంత్రంలో నా సంతాప సభ

మొన్న ఆదివారం సాయంత్రం ఆరున్నరకు నేను పోయాను. ఏడు కొట్టేలోపు తిరిగొచ్చాను. మధ్యలో ఆ అరగంట ఉంది చూశారూ, డెబ్బై రెండేళ్లలో అంతటి అరగంట నేను ఇంకోటి చూడలేదు! నమ్మకపోతే ఎల్బీనగర్‌లో ఎవర్నైనా అడగండి.

నేనెవరో తెలియనివాళ్లు ఉండరు. ఒకవేళ ఉంటే, పాపం, వాళ్లకోసం చెబుతున్నా. లారీ యాదగిరిని. నల్గొండ నుంచి ఒక్క లారీతో దిల్‌సుఖ్‌నగర్ వచ్చినవాణ్ణి. చౌటుప్పల్ దాటాక బ్రేకులు ఫెయిలైన బండిని గేర్ల మీదే సిటీ దాకా తెచ్చి నిలబెట్టినవాణ్ణి. పెద్ద అంబర్‌పేట దగ్గర పులి అడ్డమొస్తే హారన్ కొట్టి వెనక్కి పంపినవాణ్ణి. అది కుక్క అని మా ఆవిడ సుశీల అంటుంది. ఆమె ఆరోజు బండిలో లేదు.

ఇప్పుడు లారీలు పిల్లలు చూసుకుంటున్నారు, నేను సమాజాన్ని చూసుకుంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్, సైదాబాద్, ఎల్బీనగర్ సేవా క్లబ్బులు మూడూ కలిసి నేత్రదానం ఫారాలు నింపించాలనుకున్నాయి. ఉమ్మడి కమిటీకి చైర్మన్ని నేనే. మొదటి మీటింగులోనే లేచి బల్ల గుద్దాను.

"వంద ఫారాలు! ఒక్కటి తక్కువైనా ఈ కుర్చీ దిగి సుబ్బారావు గారిని కూసోబెడ్త!"

సుబ్బారావు గారు ఎల్బీనగర్ క్లబ్బు ప్రెసిడెంటు, గుంటూరు మనిషి, లెక్చరర్‌గా రిటైరయ్యారు. కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వారు. "రక్తమంటే ఇస్తారండీ యాదగిరి గారూ. కళ్లనేసరికి జనం జడుసుకుంటారు. ఓ పది వచ్చాయంటే గొప్పేనండీ."

"పదా! యాదగిరి ఏంది, పదేంది!"

రెండు నెలలు తిరిగాను. ఎన్ని వచ్చాయో తెలుసా? సున్నా. కుర్చీ కాళ్లు కదులుతున్నట్టే ఉంది నాకు. అప్పుడు తట్టింది: భయం పోవాలంటే మీటింగు కాదు, పండగ చెయ్యాలి. దానికో థీమ్ ఉండాలి. 'మల్లెపూల సాయంత్రం!' అందరూ తెల్లబట్టల్లో రావాలి. హాలంతా మల్లెలు, చల్లటి మజ్జిగ, సన్నగా వేణువు. స్టేజీ వెనక పన్నెండడుగుల ఫ్లెక్సీ, దాని నిండా నేను. సుబ్బారావు గారూ ఉన్నారు, కింద మూలన, పాస్‌పోర్టు సైజులో.

ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు మాట్లాడాం. డెకరేషన్ శ్రీను పూలన్నీ కట్టాక ఒక పెద్ద మల్లెదండ మిగిలింది. ఫ్లెక్సీ కొంచెం బోసిగా అనిపించింది నాకు.

"శ్రీనూ, గా దండ నా ఫొటోకు ఎయ్యి."

సుశీల అక్కడే ఉంది. "బతికున్నోళ్ల ఫొటోకు దండేందయ్యా? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?"

"గొప్పోడనుకుంటరు."

ఆమె నుదురు కొట్టుకుని పెరుగన్నం చూడ్డానికి వంటల వైపు పోయింది. శ్రీను దండ వేశాడు. ప్రారంభోత్సవానికి దీపం కావాలి కదా, కుందిని తెచ్చి సరిగ్గా నా ఫొటో కింద పెట్టాడు. ఎంత కళగా ఉందో!

ఇక నా ఎంట్రీ. ముందు దీపం వెలిగిస్తారు, తర్వాత ఒక నిమిషం మౌనం, ఆ వెంటనే మెషిన్‌తో పొగ. ఆ పొగలోంచి నేను! అందుకే తెల్ల లాల్చీ వేసుకుని పొగ మెషినువాడికి తప్ప ఎవరికీ చెప్పకుండా ముందే ఫ్లెక్సీ వెనక నిలబడ్డాను. తాడు కట్టడానికి పెట్టిన కన్నంలోంచి చూస్తున్నాను. అబ్బ! ఎనభై మంది, పాలసముద్రం హాల్లోకి వచ్చినట్టు! నా ఐడియాకి నేనే చేతులెత్తి మొక్కాను.

దీపం వెలిగింది. మా క్లబ్బుల్లో ఏ మీటింగైనా లోకశాంతి కోసం నిమిషం మౌనంతోనే మొదలవుతుంది. వేణువు వినిపిస్తుండగా అందరూ లేచి తలలు వంచారు. సరిగ్గా అప్పుడే ఒక ముసలామె తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చంద్రమ్మ అని, దిల్‌సుఖ్‌నగర్‌లో పూలబండి. ఆడవాళ్ల జడల్లోకి శ్రీను చెప్పిన ఆఖరి బుట్ట తెచ్చింది. ఆమె చూసిందేంటి? తెల్లబట్టలు, వంచిన తలలు, కింద దీపం, పైన దండ వేసిన నా ఫొటో.

బుట్ట కిందపడింది.

"అయ్యో, ఈ అయ్యనా! ఎప్పుడు పోయినవయ్యా!"

ఆ ఏడుపుకి బయట ఆటోవాళ్లు, హాలు వాచ్‌మన్, పక్క షాపులవాళ్లు ఉరికొచ్చారు. మావాళ్లు కంగారుపడ్డారు. "ఐదు నిమిషాల క్రితం నాతో టీ తాగారండీ!" అన్నారు సుబ్బారావు గారు. "గుండె సార్, గట్లనే పోతరు" అన్నాడు సైదాబాద్ సెక్రటరీ. అంతే, నేను ఖాయమైపోయాను!

నేను వెంటనే బయటికి రావాల్సింది. ఒప్పుకుంటాను. కానీ నా గురించి నాలుగు ముక్కలు చెప్పబోతున్నారని తెలిసింది. పులి సంగతి వచ్చేదాకా ఆగుదామనుకున్నాను.

పులి రాలేదు. బ్రేకులూ రాలేదు. చంద్రమ్మ మాత్రం స్టేజీ ముందు కూలబడి చెప్పింది.

"ఎన్నో ఏండ్ల కింద, పెద్ద అంబర్‌పేట కాడ మా ఆయన్ని పాము కరిచింది. వాన. ఒక్క బండి ఆగలే. ఈయన ఆపిండు. బండి నిండ టమాటలు. మార్కెట్ టైం దాటిపోతదని క్లీనర్ మొత్తుకున్నా ఇనకుండ దవాఖానకు తీస్కపోయిండు. పొద్దెక్కేదాక మాతోనే కూసున్నడు. పేరు సుత చెప్పలే. మొఖం యాదికుంది. మా ఆయన పన్నెండేండ్లు బతికిండు తర్వాత."

నిజమే. ఆరోజు టమాటాలు కుళ్లిపోయాయి, సరుకు ఓనరు నన్ను బజార్లో నిలబెట్టి తిట్టాడు. ఆ తిట్లకి సిగ్గుపడి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయేసరికి నేనే మర్చిపోయాను. ఇన్నేళ్లూ లేని పులిని మోసుకు తిరిగాను, ఉన్న మనిషిని వదిలేశాను! ఆమె మాత్రం నా మొహాన్ని భద్రంగా దాచుకుంది. ఫ్లెక్సీ మీద పన్నెండడుగులున్న నేను, దాని వెనక అంగుళమయ్యాను.

సుబ్బారావు గారు "ఈ సభ కళ్లదానం కోసం ఆయన పెట్టిందేనమ్మా" అన్నారు.

"ఐతే నావి రాసుకోండి సారూ." అంటూ బొటనవేలు చాపింది చంద్రమ్మ.

ఆమె వెనక వాచ్‌మన్ నిలబడ్డాడు. తర్వాత ఆటోవాళ్లు. ఆ వెనక తెల్లబట్టల వరుస! రెండు నెలలు నేను అరిస్తే కదలని జనం, ఆమె వేలిముద్రకి కదిలారు. కన్నంలోంచి చూస్తూ నేను కూడా ఏడుస్తున్నాను.

వీపు మీద ఒక్కటి పడింది. సుశీల! గోల విని వచ్చి, నా సంగతి తెలుసు గనుక తిన్నగా ఫ్లెక్సీ వెనక్కే వచ్చింది.

"బయట అంతమంది ఏడుస్తుంటే ఈడ ఏం జేస్తున్నవయ్యా?"

"జర ఆగు. ఇంకా అయిపోలే."

ఒక్క తోపు తోసింది. నేను స్టేజీ మీదికి వచ్చి పడ్డాను. నన్ను చూడగానే పొగ మెషినువాడు చెప్పినట్టే మీట నొక్కాడు.

తెల్ల లాల్చీ, తెల్ల పొగ, చెంపల మీద నీళ్లు! కెవ్వుమన్నారు. కుర్చీలు దొర్లాయి. సుబ్బారావు గారు బల్లకింద దూరారు. చంద్రమ్మ ఒక్కతే కదల్లేదు. దగ్గరికొచ్చి నా చెయ్యి గిల్లి చూసింది.

"ఉన్నవా అయ్యా! సల్లగుండు."

"అమ్మా, తప్పయింది. నీ ఫారం వాపస్ తీసుకుంటవా?"

"వాపసేంది? ఇచ్చుడంటే ఇచ్చుడే. నువ్వుంటే ఏంది, పోతే ఏంది!"

ఆ మాటకి ఒక్కరూ వాపసు అడగలేదు. వంద ఫారాల కట్ట కరిగిపోయింది. సుబ్బారావు గారు బల్లకింద నుంచి వచ్చి లెక్కపెట్టారు. "తొంభై తొమ్మిదండీ."

"ఎవరది మిగిలింది?" అని హాలంతా గద్దించాను. "భయమేంది? ముందుకు రావాలె!"

"నువ్వే" అంది సుశీల, ఖాళీ ఫారం నా చేతిలో పెట్టి.

పులి మీద హారన్ కొట్టిన చెయ్యి పెన్ను మూత తియ్యడానికే తంటాలు పడింది. చంద్రమ్మ నా మొహంకేసే చూస్తోంది. సంతకం పెట్టేశాను. కింద సాక్షి సంతకం సుశీల చేసి, ఫారం సుబ్బారావు గారికి ఇస్తూ అంది:

"సారూ, దీని మీద ఎర్ర ఇంకుతోని ఒక ముక్క రాయుండ్రి. ఈ కండ్లు పెట్టుకున్నోళ్లకు కుక్కలన్నీ పులుల లెక్క కనవడ్తయ్, పరేషాన్ కావొద్దని."