ఎవారిస్తో ఉద్యోగం నిలబెట్టిన బంతి

సాంతా బిబియానా చక్కెర మిల్లు బేస్‌బాల్ జట్టుకు ఎవారిస్తో బ్రితో పదకొండేళ్ళు మేనేజరుగా ఉన్నాడు. ఇప్పుడు ఆయన పేరు చెబితే మా ఊళ్ళో టోపీలు తీసి మాట్లాడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఈ టోపీలు తీసేవాళ్ళే ఒక ఏడాది ఆయన మేక గొంతు కోసి గుమ్మంలో పడేశారు. దాన్ని నా చేతులతోనే పాతిపెట్టాను. కాబట్టి ఆయన కథ నేనే చెప్తాను. ఎవడికైనా అభ్యంతరముంటే నా ముందుకొచ్చి మాట్లాడమనండి.

నా పేరు తెయో. బ్యాటరు వెనక మాస్కు తగిలించుకుని, గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్‌ని. తొమ్మిదేళ్ళు ఆ పనే చేశాను. నా వేళ్ళు చూడండి, ఒక్కటీ తిన్నగా లేదు. ఎవారిస్తో నా కూతుర్ని బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రి. అంటే మేమిద్దరం ఒకరికొకరం కొంపాద్రేలం. మా వాళ్ళలో ఆ పిలుపు సొంత అన్నదమ్ముల కంటే పైమాట. ఆ పిలుపు పిలిచినవాడికి ద్రోహం చేస్తే ఊళ్ళో కాఫీ కూడా పుట్టదు.

ఆయన చెరుకు నరికేవాళ్ళ గుడిసెల్లో పుట్టాడు. తండ్రి చెరుకు గడతోనే బిడ్డల్ని చావబాదేవాడు. ఆ దెబ్బలు తప్పించుకోవడానికి రాళ్ళు విసరడం నేర్చుకున్నానని ఆయనే చెప్పేవాడు. ఇరవై ఏళ్ళకల్లా మిల్లు జట్టుకు పిచర్ అయ్యాడు. ఆయన బంతి వేస్తే బ్యాటర్లు ముందు శిలువ గుర్తు వేసుకుని అప్పుడు నిలబడేవారు.

మా ఆటలో ఒక రివాజు ఉంది. ఏ నియమాల పుస్తకంలోనూ కనిపించదు. మనవాణ్ణి బంతితో కొడితే వాళ్ళవాణ్ణి కొట్టాలి. మేనేజరు సైగగా తన ముక్కు పట్టుకుంటాడు. క్యాచర్ తొడల మధ్య బొటనవేలు పైకి విదిలిస్తాడు. పిచర్ ఒంటికి గురిపెడతాడు. ముగ్గురూ కలిసి చేసే పని అది. అయ్యాక ముగ్గురూ "చెయ్యి జారింది" అంటారు, అంతే.

ఎవారిస్తోకి ఇరవై ఏడేళ్ళప్పుడు అప్పటి మేనేజరు ముక్కు పట్టుకున్నాడు. ఈయన ఒకడి పక్కటెముకలు విరగ్గొట్టాడు. అరగంట తర్వాత ఈయన బ్యాటు పట్టుకుని నిలబడితే, అవతలివాడు ఎడమ కణతకు సూటిగా వేశాడు. బుగ్గ ఎముక పొడైపోయింది. చెవిలోంచి నెత్తురు ఆగలేదు. పదకొండు రోజులు మాట లేదు. లేచాక ఎడమ చెవి పనిచేయలేదు, చెయ్యి వణుకు పోలేదు. ఊరు మాత్రం ఆయనకు "చెవిటోడు" అని పేరుపెట్టి చేతులు దులుపుకుంది.

మేనేజరయ్యాక ఆయన ఒక్కనాడూ ముక్కు పట్టుకోలేదు. మొదటి ఏళ్ళలో జట్టు బాగా ఆడింది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మిగతా మిల్లులవాళ్ళకు సంగతి తెలిసిపోయింది. సాంతా బిబియానా వాళ్ళను కొట్టొచ్చు, తిరిగి కొట్టరు! ఇంకేముంది, మావాళ్ళ మోకాళ్ళు, మోచేతులు, దవడలు వాళ్ళకు ఆటబొమ్మలైపోయాయి. బంతి వస్తుందంటే మావాళ్ళు ముందే వెనక్కి గెంతేవారు. అలా గెంతేవాడు బంతిని ఏం కొడతాడు, వాడి మొహం? ఆ ఏడాది పద్దెనిమిది ఆటల్లో పద్నాలుగు ఓడిపోయాం. తొమ్మిదిమంది దెబ్బలు తిన్నారు. నావి రెండు పక్కటెముకలు పోయాయి.

జనం మొదట నారింజ తొక్కలు విసిరారు. తర్వాత సీసాలు. తర్వాత మేక. నలుగురు తాగుబోతులు ఇంటి మీదికొస్తే ఆయన భార్య ఒబ్దులియా చెరుకు కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "రండ్రా, మా ఆయన ఎవర్నీ కొట్టడు, నేను కొడతాను, ఎవడి చెయ్యి ముందు తెగాలో మీరే తేల్చుకోండి!" అంది. ఒకడు నవ్వుతూ మెట్టెక్కాడు. వాడి భుజం మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది.

ఒక గురువారం మధ్యాహ్నం మిల్లు పెద్ద దోన్ ఫాబియో ఎవారిస్తోని పిలిపించాడు. నేను జట్టు కెప్టెన్ని కనక వెంట వెళ్ళాను. దోన్ ఫాబియో మమ్మల్ని కూర్చోమనలేదు.

"ఆదివారం లాస్ గార్సాస్ మిల్లుతో ఆట," అన్నాడు. "వాళ్ళు మనవాణ్ణి కొట్టారనుకో, నువ్వు వాళ్ళవాణ్ణి కొట్టించాలి. ఊరంతా చూడాలి. కొట్టించావా, ఇంకో రెండేళ్ళు నువ్వే మేనేజరువి. లేదంటే సోమవారం ఇంటి తాళంచెవి ఈ బల్ల మీద పెట్టి వెళ్ళు."

ఇల్లంటే మిల్లు ఇచ్చిన ఇల్లు. ఒబ్దులియాకు ఉబ్బసం. ఇదివరకు చెరుకు గుడిసెల పొగలో ఉన్నప్పుడు రెండుసార్లు చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. మళ్ళీ అక్కడికి వెళితే ఆవిడ బతకదని మా ముగ్గురికీ తెలుసు.

"ఆట గెలిపిస్తే చాలదా దోన్ ఫాబియో?" అన్నాడు ఎవారిస్తో.

"ఏం పెట్టి గెలుస్తావయ్యా? నీ మంచితనం పెట్టా?" అన్నాడాయన.

బయటికొచ్చాక ఆయన కుడి చెవి వైపు నడుస్తూ గొంతు చించుకున్నాను. "ముక్కు పట్టుకుంటే ఏం పోతుంది కొంపాద్రే? ఒక్కసారి! కాలికే కొట్టిద్దాం. వాతబెట్టి వదిలేద్దాం."

"కాలికని చెప్తాం తెయో. బంతి మన మాట వినదు."

"మరి ఒబ్దులియా వదిన?"

ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఒక చెరుకు లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. "ఆవిడతో మాట్లాడాను. నీ ఇష్టం అంది. ఏడుస్తూనే అంది. కొట్టమని నేను చెప్పను తెయో, నన్ను చంపకు," అన్నాడు.

ఇలాంటి మంచితనాన్ని ఏం చేసుకోవాలి?

ఆదివారం లాస్ గార్సాస్ వాళ్ళు నాలుగు లారీల్లో దిగారు. గొడవలవుతాయని సైనికులు వచ్చి కంచె పక్కన నిలబడ్డారు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో మూడో ఇన్నింగ్స్‌లో వాళ్ళ పిచర్ మా రెండో బ్యాటరు నోటి మీద కొట్టాడు. మూడు పళ్ళు మట్టిలో పడ్డాయి. వాడు రెండు చేతుల్లో నెత్తురు పట్టుకుని బిత్తరచూపులు చూస్తూ కూర్చున్నాడు. జనం లేచారు. "చెవిటోడా, ముక్కు పట్టుకో! నీకు ముక్కు కూడా లేదట్రా?" అని వెయ్యి గొంతులు ఒకటే అరుపు. ఎవారిస్తో వెళ్ళి ఆ కుర్రాణ్ణి లేవదీసి, తన చొక్కాతో మూతి తుడిచి, వచ్చి కూర్చున్నాడు. ముక్కు జోలికి పోలేదు.

ఆరో ఇన్నింగ్స్‌లో వాళ్ళ లెయోన్సియో బ్యాటు పట్టుకుని వచ్చాడు. వాళ్ళ జట్టుకి వాడే దన్ను. రాజధాని నుంచి అమెరికా వాళ్ళు వచ్చి, తమ పెద్ద జట్లలోకి తీసుకుందామని వాణ్ణి చూసి వెళ్ళారని చెప్పుకునేవారు. హెల్మెట్ పెట్టుకోలేదు. మా మీద ఆడేటప్పుడు దాని అవసరమేముంది? వాడు నా నెత్తి మీద నిలబడి పళ్ళికిలించాడు.

"ఏం తెయో, మీ జట్టుకు గాజులు తెచ్చాం, సైజు చెప్పు."

"ఆడరా ముందు," అన్నాను.

"మీ మేనేజరు ముసలమ్మ రేపటి నుంచి చెరుకు నరుకుతాడట కదా? పెళ్ళాం దగ్గుతూ కట్టలు మోస్తుందేమో!"

నేను మా బెంచీ వైపు చూశాను. ఎవారిస్తో రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నా మనసులో ఏముందో ఆయనకు తెలిసిపోయింది. కంచె దగ్గర దోన్ ఫాబియో నిలబడి ఆయన్నే చూస్తున్నాడు.

నేను బొటనవేలు విదిలించాను.

మా పిచర్ నార్సీసో కళ్ళు పెద్దవి చేశాడు. నాలుగేళ్ళలో నా దగ్గర ఆ సైగ వాడు చూసి ఎరగడు. నిజమేనా అన్నట్టు చూశాడు. మళ్ళీ విదిలించాను. ఈసారి గట్టిగా. ఆయన చెప్పాడనే వాడు అనుకున్నాడు, పాపం.

నేను కాలు అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, కాలే అనుకున్నాను. బంతి కుడి కన్ను మీద తగిలింది. ఎండు కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. లెయోన్సియో నా ఒళ్ళో పడ్డాడు. ఒక కాలు దానంతటదే కొట్టుకుంటోంది. నా మాస్కు ఊచల్లోంచి వాడి నెత్తురు నా పెదాల మీదికి కారింది.

తర్వాత నరకమే. వాళ్ళ బెంచీ మొత్తం బ్యాట్లతో వచ్చింది. జనం కంచె తొక్కేసి దూకారు. చెరుకు కత్తులు బయటికొచ్చాయి. ఒకడు నా మెడ పట్టుకుంటే మాస్కు తీసి వాడి మొహం మీద ఆపకుండా మోదాను, ముక్కు పగిలేదాకా. నార్సీసోని ముగ్గురు కింద పడేసి బూట్లతో తొక్కారు. ఒకడి చెవి కత్తికి తెగి వేలాడటం చూశాను. మా ఊరి ఆడవాళ్ళు సీసాలు అందిస్తున్నారు, నవ్వుతూ అందిస్తున్నారు! పద్నాలుగు ఓటముల కసి అంతా ఆ మట్టిలో తీర్చుకున్నారు. నేనూ తీర్చుకున్నాను, దాచడం దేనికి?

ఆ తొక్కిడిలో ఎవారిస్తో లెయోన్సియో మీద బోర్లా పడుకున్నాడు. వాడి తలకు తన రెండు చేతులూ అడ్డుపెట్టి, వీపంతా ఆ బూట్లకు వదిలేశాడు. మావాళ్ళ బూట్లూ, వాళ్ళ బూట్లూ ఆయన మీదే పడ్డాయి. సైనికులు గాల్లోకి కాల్చాకే జనం విడిపోయారు.

లాస్ గార్సాస్ మేనేజరు బ్యాటు పట్టుకుని వచ్చాడు. ఏడుస్తున్నాడు. "ఎవడు చెప్పాడ్రా కొట్టమని? ఏ లంజకొడుకు చెప్పాడు?"

ఎవారిస్తో మోకాళ్ళ మీద లేచి, నా వైపు ఒక్క క్షణం చూశాడు.

"నేనే," అన్నాడు.

బ్యాటు దెబ్బ ఆయన కుడి మోచేతి కింద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నోరు తెరవాల్సినవాణ్ణి నేను. పిరికివెధవలా నిలబడి చూశాను.

అంతలో దోన్ ఫాబియో సైనికుల్ని తోసుకుంటూ వచ్చి ఆయన బాగున్న చెయ్యి పైకెత్తాడు. "ఇదిరా మేనేజరంటే!" అని అరిచాడు. ఊరు ఊరంతా ఆయన పేరు అరిచింది. పదేళ్ళలో మొదటిసారి ఎవరూ "చెవిటోడా" అనలేదు.

సోమవారం దోన్ ఫాబియోనే రెండేళ్ళ ఒప్పందం కాగితాలు పట్టుకుని ఆయన ఇంటికి వచ్చాడు. నేనూ వెళ్ళాను. మెప్పు కోసమే వెళ్ళాను, ఒప్పుకుంటున్నాను. ఒబ్దులియా నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎవారిస్తో పిండికట్టు చెయ్యి పక్కన పెట్టుకుని, ఎడమ చేత్తో వంకరటింకరగా సంతకం చేశాడు. చేసి తలెత్తకుండానే అన్నాడు.

"మేనేజరుగా మొదటి మాట. తెయోని జట్టులోంచి తీసేస్తున్నాను."

దోన్ ఫాబియో నవ్వాడు. "మతిపోయిందా? మంచి క్యాచర్ కదయ్యా!"

"వేళ్ళు పాడైపోయాయి. బంతులు వదిలేస్తున్నాడు."

పచ్చి అబద్ధం. కొట్టించింది నేనని బయటపడకుండా ఆడిన అబద్ధం. పెరట్లోకి వెళ్ళాక ఆయన చొక్కా పట్టుకున్నాను.

"నేనెవరి కోసం చేశాననుకున్నావ్? నీ ఇంటి కోసం! నీ పెళ్ళాం ఊపిరి కోసం! నా కడుపు కొడతావా?"

ఆయన చొక్కా విడిపించుకోలేదు. "నీ కోపంతో కొట్టించి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి తెయో. నా కోసం చేశావు. నువ్వు జట్టులో ఉంటే రేపు నా కోసం ఇంకోణ్ణి పడగొడతావు. నీకది తప్పుగా కూడా అనిపించడం లేదు," అన్నాడు.

"అయితే నిజం చెప్పు! తాళంచెవి ఇచ్చెయ్!" అని అరిచాను.

"నిజం చెబితే లాస్ గార్సాస్ వాళ్ళు నిన్ను నరుకుతారు. నీ కూతురికి నేను జ్ఞానతండ్రిని. వెళ్ళు," అన్నాడు.

నేను మిల్లులో పాకం కాచే పనిలో చేరాను. ఆ ఆదివారం తర్వాత మా బ్యాటర్ల మీదికి బంతి వెయ్యడానికి ఒక్క పిచరుకీ ధైర్యం చాలలేదు. మావాళ్ళు నిటారుగా నిలబడి ఆడారు. ఏడు ఆటలు వరసగా గెలిచారు. రెండేళ్ళ కాగితం నాలుగేళ్ళయింది. ప్రతి గెలుపుకీ ఆయన్ను భుజాల మీద మోసేవారట. దిగగానే వాంతి చేసుకునేవాడని ఒబ్దులియా నా భార్యకు చెప్పింది.

లెయోన్సియో బతికాడు. కుడి కన్ను పోయింది, రెండోదానికి వెలుతురు తప్ప ఏమీ తెలియదు. ఎవారిస్తో ప్రతి సోమవారం బస్సెక్కి లాస్ గార్సాస్ వెళ్ళేవాడు. మొదటిసారి వాడి తల్లి మరిగే నీళ్ళు పోసింది. రెండోసారి కుక్కను వదిలింది. అయినా వెళ్ళాడు. రెండో ఏడాది ఆవిడ తలుపు తీసి, ఆయన ముందు కుర్చీ వేసింది. చనిపోయేదాకా ఆయన ఆ గుడ్డివాడికి ఆదివారం ఆట మొత్తం బంతి బంతికీ చెప్పి వచ్చేవాడు. కొట్టించింది తనేనని చెప్పుకున్నాడు. వాళ్ళు ఆయన్నే తిట్టారు, చివరికి ఆయన్నే క్షమించారు.

ఆ బస్సు మా ఇంటి ముందే ఆగుతుంది. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.