సింహం కోసం ఆదివారం

నైరోబీలో ఉన్నన్నాళ్లూ ఆదివారం వస్తే మా ఆయన మమ్మల్ని ఏ మ్యూజియానికో, అడవికో తీసుకెళ్లేవాడు. మేడ్చల్ నుంచి మా చిన్నమ్మ వచ్చినప్పుడు, ఆమెకు సింహాన్ని చూపించాల్సిందేనని పట్టుబట్టాడు. నేషనల్ పార్కులో పొదల ముందు కారు ఆపుకొని ఎండెక్కేదాకా కూర్చున్నాం. దిగడానికి వీల్లేదు. కనిపించినవన్నీ జింకలే.

"గీ జింకలు మన శామీర్‌పేట్ల లేవా బిడ్డా?" అని చిన్నమ్మ నా చెవిలో గొణిగింది. కాసేపటికి, "ఇగ నాతోని గాదు, జల్దీ బాత్రూంకు పోవాలె" అంది.

మా ఆయన విసుక్కుంటూ కారును గేటు దాకా వెనక్కి తీసుకెళ్లాడు. మేం తిరిగొచ్చేసరికి సింహం రోడ్డు దాటి వెళ్లిపోయిందని పక్క కారువాళ్లు చెప్పారు. ఆయన ఇంటిదాకా కారును విసురుగా నడిపాడు. ఇంట్లో చిన్నమ్మ తప్పు చేసినదానిలా ఓ మూల నిలబడితే నాకు ఒళ్లు మండింది. వచ్చే ఆదివారం మేమెక్కడికీ రామని చెప్పేశాను.