తెల్ల గొడుగు

రాజోలులో పెళ్ళి ఫొటోలు తీయడానికి నిన్న ఫ్లాష్ లైట్లు బ్యాగులో సర్దుకుంటూ తెల్ల గొడుగు విప్పి చూశాను. నా ఏడేళ్ళ వయసునాటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

కువైట్‌లో ఉన్న నాన్నకు మా ఫొటో పంపాలని అమ్మ అమలాపురం నుంచి ఫొటోగ్రాఫర్‌ని పిలిపించింది. చీకటిగా ఉండే మా ముందు గదిలో ఆయన స్టాండు నిలబెట్టి, ఫ్లాష్ బిగించి, తీగను బ్యాటరీ పెట్టెకు కలిపి, చివరికి తెల్ల గొడుగు విప్పారు.

"ఇంట్లో వాన కురవదు కదండీ, గొడుగెందుకండీ?" అని అడిగాను.

"వెలుగు దీనికి తగిలి మెత్తగా మన మీద పడుద్దమ్మా" అన్నారు.

ఫ్లాష్ వెలిగింది. మా మధ్య కూర్చున్న, చూపు పూర్తిగా పోయిందని అందరూ ఆశ వదులుకున్న మామ్మ ఉలిక్కిపడింది.

"ఏంటే మెరిసింది?"

గొడుగు మామ్మకు కళ్ళు తెప్పించిందనుకుని, "ఇంకోసారండీ!" అంటూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కెమెరా పక్కన పెట్టి, ఫ్లాష్ ఛార్జి అయ్యేదాకా ఆగుతూ నాలుగుసార్లు వెలిగించారు. ప్రతిసారీ మామ్మ "ఆయ్, ఇప్పుడు!" అంది.

"వెలుగు తెలుస్తుందండి. కళ్ళ డాక్టరు గారికి ఓసారి చూపించండి" అన్నారాయన అమ్మతో.

శుక్లం తీయించాక మామ్మకు ఒక కంటికి చూపు వచ్చింది. నయం చేసింది గొడుగేనని చాలా ఏళ్ళు నమ్మాను. కట్టు విప్పిన రోజు మామ్మ నన్ను దగ్గరకు లాక్కుని, "ఎంత ఎదిగిపోయేవే!" అంది. కనిపిస్తున్నా సరే, అలవాటు కొద్దీ నా ముఖమంతా చేతులతో తడిమింది.